ఆ ఓడ ఏమయింది మాస్టారూ?

చాలా రోజులకు మళ్ళీ ఇటు వచ్చాను. కంటికి శుక్లాల శస్త్రచికిత్స జరిగి, వైద్యులు కొన్నాళ్ళు తెర వైపు చూడవద్దన్నారు. ఆలస్యాన్ని మన్నించండి.

ఈ టపా ఒక పాతబాకీ. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు పిల్లలను ఎన్నో ప్రశ్నలు అడిగాను. జవాబు చెప్పలేనివాళ్ళను నిలబెట్టాను, తప్పు వ్రాసినవాళ్ళచేత పదేసిసార్లు వ్రాయించాను. వాళ్ళు అడిగినదానికి నేను జవాబు చెప్పలేకపోయినప్పుడు మాత్రం నన్ను ఎవరూ నిలబెట్టలేదు. గొంతు పెంచి తప్పించుకొన్నాను. అలా తప్పించుకొన్నవాటిలో ఒక ప్రశ్న ఇన్నేళ్ళుగా నన్ను వదలలేదు.

1988 వర్షాకాలం. తూర్పుగోదావరి జిల్లాలో, సముద్రపు హోరు తరగతిగది దాకా వినిపించే ఒక ఊళ్ళో తెలుగు పండితుడిగా పనిచేస్తున్నాను. సాంఘికశాస్త్రం మాస్టారు సెలవు పెట్టడంతో ఆ పీరియడు నా నెత్తిన పడింది. పాఠం రౌండు టేబులు సమావేశాలు. 1931లో గాంధీగారు బొంబాయిలో ఓడ ఎక్కారు, లండను వెళ్ళారు, చర్చలు ఫలించలేదు, ఉత్త చేతులతో తిరిగివచ్చారు. పాఠంలో ఉన్నది అంతే, నాకు తెలిసినదీ అంతే. దానికి నాలుగు విశేషణాలు చేర్చి గంభీరంగా చదివి ముగించాను.

చివరి బల్ల మీద నుంచి ఒక పిల్లవాడు లేచాడు. మత్స్యకారుల ఇంటి పిల్లవాడు. అంతవరకు నోరు విప్పి ఎరుగడు.

"గాంధీగారు దిగిపోయాక ఆ ఓడ ఏమయిందండి మాస్టారూ?"

నాకు తెలియదు. తెలియదని చెప్పి ఉంటే సరిపోయేది. కాని పండితుడినన్న బిరుదొకటి ఉన్నది కదా! "ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయిరా. నీ ఓడ ఏ బండో అయిపోయి ఉంటుంది. కూర్చో" అన్నాను. తరగతి గొల్లుమన్నది. సామెత సందర్భోచితంగా పడిందని నేనూ మురిసిపోయాను. ఆనాటినుంచి పిల్లలు వాడిని 'ఓడబండి' అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పేరు నా చెవిన పడుతూనే ఉన్నది. నేను వారించలేదు. వాడు మళ్ళీ ఏ ప్రశ్నా వేయలేదు. సంక్రాంతి సెలవుల తరువాత బడికే రాలేదు.

బడి మానిన పిల్లలను తిరిగి తీసుకురమ్మని ప్రధానోపాధ్యాయులు మమ్మల్ని తలా ఒక వీథికి పంపించారు. వాడి ఇల్లు నా వంతుకు వచ్చింది. తాటాకు పాక. తలుపు మాత్రం చాలా బరువైనది. ఒక పక్కకు వంపు తిరిగి ఉన్నది. వరుసగా మేకుల బెజ్జాలు, చెక్కల సందులలో ఎండిన తారు. నేను దానివైపే చూస్తూ ఉంటే వాడి నాయనమ్మ చెప్పింది: "మా ఇంటాయన నావ బాబూ అది. తుపానుకి ఇరిగిపోతే పలకలు ఏరుకొచ్చి తలుపేసుకున్నాం. చుక్కానేమో మా మరిది ఇంటికాడ బల్లయింది."

"పిల్లవాడేడీ?" అన్నాను.

"ఏటకెల్లాడు బాబూ."

నావ విరిగినా మాయం కాదు, ఏదో ఒకటి అవుతుంది. ఏమయిందో ఇంట్లో అందరికీ తెలిసి ఉంటుంది. ఆ ఇంటి పిల్లవాడు అడగవలసిన ప్రశ్ననే వాడు అడిగాడు. ఆ సంగతి నాకు ఆ తలుపు ముందు నిలబడినప్పుడు కాని తెలియలేదు. తెలిసినా ఆ ప్రశ్నకు జవాబు వెదకడానికి పూనుకోలేదు. పదవీ విరమణ చేసి, మనుమరాలి పుణ్యమా అని కంప్యూటరు పట్టుపడ్డాక, ఆ ఓడ పేరు ఒకనాడు యాదృచ్ఛికంగా కంటబడింది. అక్కడినుంచి తీగ లాగాను.

ఆ ఓడ పేరు రాజపుతానా. పి అండ్ ఓ కంపెనీవారిది. 1925లో ఆ కంపెనీ ఒకే తీరుగా నాలుగు ఓడలు కట్టించింది: రాంచీ, రణ్‌పురా, రావల్పిండి, రాజపుతానా. పేర్లన్నీ 'ర'కారంతో మొదలవుతాయి, అన్నీ మన దేశపు పేర్లే. చివరి రెండింటినీ స్కాట్లండులోని గ్రీనాకులో హార్లండ్ అండ్ వుల్ఫ్ కంపెనీవారు నిర్మించారు. ఒక్కొక్కటి 16,500 టన్నులకు పైబడినది. వేగం గంటకు 17 నాటులు. మొదటి తరగతిలో మూడు వందల పైచిలుకు, రెండవ తరగతిలో సుమారు మూడు వందల మంది ప్రయాణించవచ్చు. లండను, మార్సేల్స్, పోర్టుసయ్యదు, ఏడెన్, బొంబాయి. ఇదీ దారి. కలెక్టర్లు, కర్నళ్ళు, వాళ్ళ దొరసానులు, తపాలా సంచులు, సంస్థానాధీశులు ఈ దారినే వచ్చి పోయేవారు.

ఆ ఓడ మోసిన మనుషులలో ఇద్దరిని చెబుతాను. 1929 జనవరిలో బొంబాయిలో ఒక సామాన్య వైమానిక దళ సిపాయి ఎక్కాడు. పేరు షా అని వ్రాయించుకొన్నాడు. ఆయనే అరేబియా లారెన్సు. వాయవ్య సరిహద్దులోని మీరన్‌షాలో గుమాస్తాపని చేసుకొంటూ ఉంటే, గూఢచర్యం చేస్తున్నాడని పత్రికలు గగ్గోలు పెట్టాయి. ప్రభుత్వం ఆయనను హడావిడిగా ఇంగ్లండుకు పంపివేసింది. ప్లిమత్ రేవులో పత్రికలవారిని తప్పించాలని పడవలోకి దింపి తీసుకుపోయారు.

రెండవవారు గాంధీగారు. సిమ్లాలో వైస్రాయి విల్లింగ్డనుతో సంప్రదింపులు చివరిదాకా సాగి, బొంబాయిలో ఓడ అందుతుందో లేదో అన్నంత ఆలస్యమయింది. ప్రత్యేక రైలు ఏర్పాటు చేసి కొండ దింపవలసి వచ్చింది. 1931 ఆగస్టు 29న రాజపుతానా కదిలింది. వెంట మదనమోహన మాలవీయ, మన హైదరాబాదు ఆడపడుచు సరోజినీ నాయుడు, మహాదేవ దేశాయి, ప్యారేలాలు, మీరాబెన్, కుమారుడు దేవదాసు. ఆ ఓడలో మూడవ తరగతి లేదు. కాబట్టి ఉన్నవాటిలో తక్కువదైన రెండవ తరగతిలో ప్రయాణం చేశారు. అభిమానులు ఇచ్చిన పెట్టెలు, సంచులు చూసి ఆయన శిష్యులను మందలించి, అవసరం లేని సామానును ఏడెన్ నుంచి వెనక్కు పంపించివేశారు. పగలు రాట్నం, సాయంత్రం ప్రార్థన, రాత్రి ఓడపైకప్పు మీద ఆకాశం కింద నిద్ర. సెప్టెంబరు 11న మార్సేల్స్‌లో దిగారు. తిరుగుప్రయాణం వేరే ఓడలో, బ్రిండిసి రేవు నుంచి ఇటలీవారి పిల్స్నా మీద.

పాఠం ఆయనతోపాటు మార్సేల్స్‌లో దిగిపోయింది. మావాడు మాత్రం ఓడలోనే ఉండిపోయాడు. ఇక వాడు అడిగినది.

రాజపుతానా మరి ఎనిమిదేళ్ళు అదే దారిలో తిరిగింది. 1939 సెప్టెంబరు 3న బ్రిటను జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. సముద్రాలన్నిటినీ కాచుకోవడానికి బ్రిటిషు నావికాదళానికి కావలసినన్ని క్రూయిజర్లు లేవు. అందువల్ల పెద్ద ప్రయాణికనౌకలను స్వాధీనం చేసుకొని వాటికి ఫిరంగులు బిగించారు. ఇటువంటివాటికి 'సాయుధ వర్తక క్రూయిజర్లు' అని పేరు. నాట్యశాలలలోని కుర్చీలు, గోడలకు తాపిన చెక్కలు పీకివేశారు. ఫిరంగి వెనక్కు తన్నే దెబ్బకు తట్టుకొనేటట్లు పైకప్పుల కింద ఉక్కు దూలాలు నిలిపారు. ఒంటికి బూడిదరంగు పూశారు. టార్పెడో తగిలినా వెంటనే మునగకుండా అడుగుగదులలో ఖాళీ పీపాలు నింపారు. రాజపుతానాకు 6 అంగుళాల ఫిరంగులు ఎనిమిది దక్కాయి. 1939 డిసెంబరు నాటికి అది యుద్ధనౌక.

యుద్ధనౌక అన్నాను కాని, ఆ మాట పూర్తిగా నిజం కాదు. యుద్ధనౌక ఒంటికి ఉక్కు కవచం ఉంటుంది. వీటికి లేదు. యుద్ధనౌక నీటికి వీలైనంత దగ్గరగా ఒదిగి ఉంటుంది. వీటివి మేడమీద మేడగా లేచిన ఎత్తైన పక్కలు, ఎంతో దూరానికి కనిపిస్తాయి. ఫిరంగులా, చాలావరకు వెనుకటి యుద్ధం నాటివి. నావికులకు ఈ సంగతి తెలియకపోలేదు. తెలిసే ఎక్కారు.

తెలిసి ఎక్కడం అంటే ఏమిటో రావల్పిండి కథ చెబుతుంది. నాలుగింటిలో మొదట పోయినది అదే. దానికి కప్తాను ఎడ్వర్డ్ కెనడీ. వయస్సు అరవై. చాలా ఏళ్ళ క్రిందటనే నావికాదళం నుంచి విరమించి ఇంట కూర్చొన్న మనిషి. యుద్ధం రాగానే మళ్ళీ పిలిచారు, వెళ్ళాడు. నేను శాలువా, పూలదండ, గోడగడియారం పుచ్చుకొని ఇంటికి వచ్చినది సరిగ్గా ఆ వయస్సులోనే కనుక, ఈ చోట చదువుతూ చాలాసేపు ఆగిపోయాను.

1939 నవంబరు 23 సాయంత్రం, ఐస్‌లండుకు, ఫారో దీవులకు నడుమ గస్తీ తిరుగుతుండగా రావల్పిండికి రెండు జర్మను యుద్ధనౌకలు ఎదురయ్యాయి: షార్న్‌హోర్స్ట్, గ్నైసెనౌ. ఒక్కొక్కదానికి 11 అంగుళాల ఫిరంగులు తొమ్మిది. వేగం ముప్పై నాటులకు పైన. ఆగమని వాళ్ళు సంకేతం ఇచ్చారు. ఆగి లొంగిపోతే ప్రాణాలు దక్కేవి. కెనడీ శత్రువు కనిపించిన సంగతి తంతి లేకుండా తన నౌకాదళానికి తెలియజేసి, కాల్పులు మొదలుపెట్టాడు. నలభై నిమిషాలలోపే అంతా ముగిసిపోయింది. ఆయన వేసిన గుండు ఒకటి షార్న్‌హోర్స్టుకు తగిలింది, పెద్ద నష్టమేమీ కలగలేదు. 238 మంది చనిపోయారు, కప్తానుతో సహా. బ్రతికినవారిలో కొందరిని శత్రునౌకలే నీళ్ళలో నుంచి తీశాయి. మరి పదకొండుగురిని చిత్రాల్ కాపాడింది. అదీ పి అండ్ ఓ వారి ప్రయాణికనౌకే, అదీ మన ఉపఖండపు పేరే. అయితే ఆ కబురు అందడం వల్ల బ్రిటిషు నౌకలు అటు కదిలాయి. ఆ రెండు జర్మను నౌకలూ అట్లాంటిక్కులోకి చొరబడకుండా వెనుదిరిగాయి. కెనడీ కుమారుడు లూడొవిక్ కూడా ఆ యుద్ధంలో నావికుడే. తరువాత రచయితగా, పాత్రికేయుడుగా పేరు తెచ్చుకొన్నాడు.

రాజపుతానాకు అంత పేరున్న పోరాటం ప్రాప్తించలేదు. దాని పని కాపలా. కెనడాలోని హాలిఫాక్సు రేవునుంచి ఇంగ్లండుకు తిండిగింజలు, నూనె, ఇనుము మోసుకుపోయే వర్తక ఓడల బిడారుకు తోడు వెళ్ళడం, అప్పగించడం, తిరిగి రావడం, మళ్ళీ వెళ్ళడం. ఏడాదికి పైగా ఉత్తర అట్లాంటిక్కు చలిలో అదే పని చేసింది. ఎండ తగిలే ఎర్రసముద్రపు దారికోసం కట్టిన ఓడ మంచుగాలిలో తిరిగింది. ఉపాధ్యాయులకు ఈ పని తీరు తెలుస్తుంది. పిల్లలను ఒడ్డు దాకా చేర్చి, మళ్ళీ జూన్ నెలలో మొదటి అక్షరానికి తిరిగి రావడమే కదా మన పని.

1941 ఏప్రిల్ 13. హెచ్ఎక్స్ 117 అనే బిడారును విడిచి నాలుగు రోజులయింది. ఐస్‌లండు రాజధాని రేక్యవిక్కుకు పడమట, డెన్మార్కు జలసంధిలో యు-108 అనే జర్మను జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది. ఓడ వెంటనే మునగలేదు. గంటకు పైగా నీటిమీద నిలిచింది. ఆ గంటే మనుషులను కాపాడింది. లీజియన్ అనే డిస్ట్రాయరు వచ్చి 283 మందిని ఎక్కించుకొన్నది. నలభై మందికి పైగా పోయారు. పోయినవారిలో రిచర్డ్‌సన్ ఒకరు. శాంతికాలంలో, అది ఇంకా ప్రయాణికులను మోస్తున్న రోజులలో, దానికి చిట్టచివరి కప్తాను ఆయనే. యుద్ధంలో పెత్తనం వేరొకరి చేతికి వెళ్ళినా ఆయన ఓడను వదలలేదు. దానితోనే పోయాడు.

మిగిలిన రెండు అక్కచెల్లెళ్ళ సంగతీ చెప్పాలి, లేకపోతే మావాడు మళ్ళీ లేచి నిలబడతాడు. రణ్‌పురా యుద్ధం నడుమ మరమ్మతు ఓడగా మారి, ఇతర ఓడల గాయాలకు కట్టు కడుతూ నావికాదళంలోనే ఉండిపోయింది. 1961లో ఇటలీలో విరగగొట్టారు. రాంచీ యుద్ధం ముగిశాక ఆస్ట్రేలియాకు వలసపోయే కుటుంబాలను మోసింది. 1953లో వేల్సులోని న్యూపోర్టులో ముక్కలయింది. రెండు సముద్రం అడుగున, రెండు ఇనుము కొట్లలో. బ్రిటను ఆ యుద్ధంలో ఇటువంటి ఓడలను యాభైకి పైగా వాడుకొన్నది. వాటిలో పదిహేను మునిగిపోయాయి.

ఇక్కడ ఒక మాటను గురించి ముచ్చటించక తప్పదు, పండితుడి పాతరోగం కనుక. మా గోదావరి కాలువల లాకుల దగ్గర నీటిపారుదల శాఖవారి 'లస్కరు' ఉంటాడు. తలుపులు ఎత్తడం, దించడం, గట్టు చూసుకోవడం అతని పని. పారసీకంలో 'లష్కర్' అంటే సైన్యం. సైన్యం అనే ఆ మాట ఎన్నో రేవులు తిరిగి, ఓడలలో కూలిపని చేసే భారతీయుడి పేరయింది. పి అండ్ ఓ ఓడలలో పైకప్పు పనికి గుజరాతు, కొంకణ తీరాలవాళ్ళు, బొగ్గు, యంత్రాల దగ్గరకు పంజాబు, వాయవ్య సరిహద్దు వాళ్ళు, వడ్డనకు గోవావాళ్ళు. వాళ్ళ పెద్ద 'సరంగు'. రాజపుతానా మొదటి తరగతి ఎంత హాయిగా సాగినా అది ఈ చేతులమీదే సాగింది.

సాయుధనౌకగా మారినప్పుడు సిబ్బందీ మారింది. నావికాదళపు రిజర్వు మనుషులు వచ్చారు. కాని బ్రిటిషు వర్తక ఓడలలో లస్కర్లు యుద్ధమంతా పనిచేశారు, మునిగారు. ఆ యుద్ధంలో సముద్రంపాలైన అవిభక్త భారతదేశపు వర్తక నావికులు సుమారు ఆరు వేలమంది. వాళ్ళ పేర్లు చిట్టగాంగులో ఒక స్మారక గ్రంథంలో వ్రాసి ఉన్నాయి. అటువంటిదే మరొక ప్రతి ముంబయిలోని నావికుల వసతిగృహంలో ఉంచారు. సమాధి లేనివాళ్ళకు ఒక పుటలో ఒక పంక్తి. మా పాఠ్యపుస్తకంలో వాళ్ళకు ఆ పంక్తి కూడా లేదు.

'ఓడలు బళ్ళు' అన్న సామెతకు మనం ఐశ్వర్యం తారుమారు కావడమని అర్థం చెబుతాము. కాని అది పుట్టినది రేవులోనే అయి ఉండాలి. ఊళ్ళో చెక్కిన పడవ ఏటిదాకా బండిమీద వస్తుంది. ఏరు దాటవలసిన బండి పడవమీద పోతుంది. ఒకదానిని ఒకటి మోయడమే తప్ప ఇందులో ఎగతాళి లేదు. ఎగతాళి నేను చేర్చినది. నిఘంటువు నా చేతిలో ఉన్నది, సామెత నా నోటిలో ఉన్నది, దాని అర్థం మాత్రం ఆ చివరి బల్ల మీద ఉన్నది.

వాడికి ఇప్పుడు యాభై దాటి ఉండాలి. నేను ఆ ఊరినుంచి 1991లో బదిలీ అయ్యాను. ఆ తరువాత ఒకసారి వెళ్ళితే సముద్రం ఆ వీథిని కోసుకుపోయింది. ఇళ్ళు లేవు, తలుపూ లేదు. కుటుంబాలు తలొక దిక్కుకు చెదిరిపోయాయని చెప్పారు. ఇది వాడి కంట పడుతుందన్న ఆశ నాకు లేదు. అయినా బాకీ బాకీయే కనుక, ఆనాడు వాళ్ళను నిలబెట్టినట్లే నేనూ లేచి నిలబడి చెబుతున్నాను.

నాయనా, గాంధీగారు దిగిపోయాక ఆ ఓడ మరి ఎనిమిదేళ్ళు మనుషులను మోసింది. తరువాత దానికి ఫిరంగులు కట్టారు. దానికి తెలియని పని, చలి ఎక్కువైన చోట, ఏడాదికి పైగా చేసింది. 1941 ఏప్రిల్ 13న మునిగింది. మునిగేముందు గంటసేపు ఆగి, తన మీద ఉన్నవాళ్ళలో 283 మందిని బయటపడనిచ్చింది. అది బండి కాలేదు. నాకు ఆనాడు తెలియదు. తెలియదని చెప్పనందుకు నన్ను క్షమించు.

ఇక కూర్చోమంటే కూర్చొంటాను.